దండేసిన పటం దించేదెవరు

ఫొటోలు గోడమీదే ఉంటాయి! అన్నీ. చెప్పుల ఫొటోతో సహా. ఒక్కటి కూడా దించడం లేదు! ఊరి పరువు పోయిందని నిన్న సాయంత్రం అంతెత్తున లేచిన మా పెద్దలే ఈ పొద్దున నోరు మూసుకుని ఇళ్ళకి పోయారు. ఈ కళ్ళతో చూశాను. ఇప్పటికిప్పుడు అందరికీ ఫోన్ చేసి చెప్పాలి గానీ, పొద్దుట్నుంచీ కరెంటు లేక ఫోను చచ్చిపోయింది. ఇప్పుడే కరెంటొచ్చింది, చార్జింగుకి పెట్టాను. అది బతికేలోపు ఇది రాసేస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది.

డిగ్రీ పాసైన రోజు కూడా ఇంత సంతోషం లేదు. ఆ రోజు ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అంతకుముందు మా ఇంట్లో డిగ్రీ పాసైన మనిషి లేడు మరి. అమ్మ చాలాసేపు ఆలోచించి "అయితే ఇంక పరీచ్చలుండవా?" అని అడిగి, ఎండుచేపలు తిరగెయ్యడానికి వెళ్ళిపోయింది.

మొదట్నుంచి చెప్తాను. కిందటేడు నగరం నుంచి ఒక సార్ మా ఊరొచ్చాడు. పిల్లలకోసం పనిచేసే సంస్థ అన్నారు. ఒంటినిండా జేబులున్న కోటు, మెడలో కెమెరా, తలమీద టోపీ. మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే ఊరు. అలాంటి మనిషి వస్తే కుక్కలు కూడా వెనకాల నడుస్తాయి. కాలేజీకి వెళ్ళేది నేనొక్కదాన్నే అని తెలిసి నన్ను పిలిపించాడు. పిల్లలు తమ ఊరి గురించి మనసులో ఉన్నది ఫొటోల్లో చెప్పాలట, ఆదివారాలు నేను వాళ్ళని కూర్చోబెట్టాలట. పాతబడి పక్కన పడేసిన చిన్న కెమెరాలు కొన్ని సంచీలో వేసి ఇచ్చాడు. ఆ కెమెరాలకి నేను ఇప్పటికీ దండం పెడతాను. సారుకి మాత్రం పెట్టను.

ఎందుకో చెప్తాను. మొదటి రోజే పిల్లలందర్నీ ఇసకలో కూర్చోబెట్టి ఆయన ఇలా అన్నాడు.

"పిల్లలూ, సాయంత్రం మళ్ళీ ఇక్కడికే వద్దాం. సముద్రంలో సూర్యుడు మునిగిపోతుంటే, ఆ ఎర్రటి వెలుగులో పడవలు... అద్భుతంగా ఉంటుంది."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మా సంద్రంలో సూర్యుడు మునగడు సార్," అన్నాడు నాలుగో తరగతి వాడొకడు.

"అంటే?"

"పొద్దున్న అందులోంచి లేస్తాడు. సాయంత్రం కోటబొమ్మాళి ఎనకాతల పడతాడు. మునిగింది కావాలంటే మీరు బస్సెక్కి అటెల్లాల."

తూర్పు తీరానికి వచ్చి సముద్రంలో సూర్యాస్తమయం వెతికిన మనిషి మాకు ఫొటోలు నేర్పడానికి వచ్చాడన్నమాట. సిగ్గుపడ్డాడా? లేదు. "ఎంత అమాయకులో!" అని మురిసిపోయి వాడి బుగ్గ గిల్లాడు. పోనీ సూర్యోదయానికి రమ్మంటే, మర్నాడు ఇసక కాలిపోతున్న వేళకి వచ్చి సూర్యుడెక్కడ అని అడిగాడు. వెళ్ళేముందు నాకో సలహా కూడా ఇచ్చాడు: "పాజిటివ్‌గా ఉండాలి. ఫొటోలో ఆశ కనిపించాలి." ఆశ ఏ లెన్సులో కనిపిస్తుందో మాత్రం చెప్పలేదు.

ఆయన వెళ్ళాక పిల్లలు వాళ్ళకి తోచింది తీశారు. నేను నేర్పిందల్లా కెమెరా కదపకుండా పట్టుకోవడం, తీసిన ఫొటో కింద ఒక్క మాట రాయడం. అంతే. మిగతాదంతా వాళ్ళ కోపమే నేర్పింది.

మా ఊరి మొదట్లో పెద్దలు కట్టించిన ఆర్చి ఒకటి ఉంది. సింహాలు, తామరపువ్వులు, బంగారు రంగులో పేర్లు. ఆరో తరగతి పిల్ల ఒకర్తి దాన్ని ఊరి లోపల నిలబడి తీసింది. ఉత్త సిమెంటు, చువ్వలు, కాకి రెట్టలు. కింద రాసింది: "ఆర్చికి వెనక రంగు వెయ్యలేదు. మేము రోజూ చూసేది వెనకే." సూర్యుడు మునగడని చెప్పినవాడు మరుగుదొడ్డి తలుపుని ఫొటో తీశాడు. తాళం తుప్పు పట్టి, పైన కిటికీలోంచి లోపల కుక్కిన వలలు కనిపిస్తున్నాయి. "ఇది మా ఊరి దొడ్డి. వలలు వెళ్తాయి. మేము వెళ్ళం." ఇంకో పిల్లాడు వాళ్ళమ్మ ఫోను తెరనే ఫొటో తీశాడు. వాడి నాన్న కూడా మా నాన్నలాగే గుజరాతులో వీరావల్ బోట్లమీద పనిచేస్తాడు. వీడియో కాల్ మధ్యలో సిగ్నలు పోయి, నోరు సగం తెరిచిన మొహం ముక్కలు ముక్కలుగా ఆగిపోయింది. "నాన్న ఏదో చెప్పబోయాడు," అని రాశాడు. ఫొటోల్లో మా నాయనమ్మ కూడా ఉంది. అడ్డపొగ తాగుతూ, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, ఎండుచేపల మీద వాలే కాకుల మీదికి కర్ర ఎత్తింది. "కాకుల్ని తిడుతోంది. తర్వాత మమ్మల్ని."

ఇక చెప్పుల ఫొటో. తీసింది మా పిన్ని కూతురు, ఎనిమిదో తరగతి. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే తిరిగి జవాబు చెప్పడం కష్టం.

ఊళ్ళోంచి ఒడ్డుకి వెళ్ళే దారి పెద్దల అరుగు ముందునుంచే పోతుంది. వేరే దారి లేదు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దలు కూర్చుంటారు. ఏం చేస్తారని అడక్కండి, కూర్చుంటారు. ఆ అరుగు దాటేవరకూ ఆడవాళ్ళెవరూ చెప్పులు వేసుకోకూడదు. విప్పి చేత్తో పట్టుకుని, తల దించుకుని, దాటాక మళ్ళీ తొడుక్కోవాలి. ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు. వేసవిలో ఆ ఇసక పెనంలా ఉంటుంది. నెత్తిమీద చేపల తట్ట, చేతిలో చెప్పులు, కింద పెనం. అరుగు మీద మాత్రం కుర్చీకో జత కిర్రు చెప్పులు, నీడలో.

ఆ పిల్ల పడవ చాటున బోర్లా పడుకుని తీసింది. ముందు వాళ్ళమ్మ కాళ్ళు, ఒకటి గాల్లో, ఒకటి వేళ్ళమీద. పక్కనే వేలాడుతున్న చెయ్యి, అందులో నీలం చెప్పులు. వెనకాల వరసగా కుర్చీలు, బొజ్జలు, చాపిన కాళ్ళు. అందరికంటే పెద్ద బొజ్జ అందరికంటే పెద్ద పెద్దాయనది. మొహాలు స్పష్టంగా ఉన్నాయి. కింద రాసింది: "మా అమ్మ చెప్పులు చేతికి వేసుకుంటుంది."

"ఇదెందుకు తీసినావే?" అన్నాను.

"కోపమొచ్చినాది."

"ఎవుల మీద?"

"ముందల అమ్మ మీద. ఇంటికొచ్చి కాళ్ళు కాలిపోనాయని ఏడుస్తాది, అక్కడ మాత్రం నవ్వుకుంట పోతాది. తరవాత ఆళ్ళ మీద."

పిన్నికి చూపిస్తే "ఓలమ్మో! నన్ను సంపీస్తారే!" అని గుండెమీద చెయ్యి వేసుకుంది. వేసుకుని కూడా ఫొటో తిరిగి ఇవ్వలేదు. దగ్గరగా పెట్టుకుని చూసి చూసి, "ఆళ్ళు అలాగ కూకుంటారేటి? నానెప్పుడూ సూణ్ణేదు. తల దించుకుని పోతాను కదా," అంది.

ఫొటోలన్నీ గోడకి ఎక్కిద్దామని అనుకున్న రోజే ఆ పిల్ల నాతో తేల్చి చెప్పేసింది: "అక్కా, ఇది ఎక్కాల. ఎక్కి ఉండాల. ఇది తీసీమంటే నా కెమెరా నీకిచ్చీసి ఎలిపోతాను, మళ్ళీ ముట్టను." ఉత్త బెదిరింపు కాదు. ఒకసారి బళ్ళో దాని బొమ్మని మేష్టారు దిద్దితే అప్పట్నుంచీ బొమ్మలు వెయ్యడం మానేసింది.

ఊళ్ళో పెద్ద గోడలున్నది తుపాను షెల్టరుకే. పెద్దాయన ఒప్పుకోవాలి. వరసకి ఆయన నాకు మావ. వెళ్ళి అడిగాను.

"ఫొటోలా? అందులో మేము ఉంటామేటే డిగ్రీ పిల్లా?"

"ఉంటారు మావా."

"అయితే పెట్టీండి."

ఫొటోలు ఒక్కసారి చూడాలని కూడా అనుకోలేదు. ఫ్రేములు కోటబొమ్మాళిలో గిన్నెల కొట్టు ఉన్న షావుకారు ఇచ్చాడు. ప్రతి ఫ్రేము అడుగునా ఆయన కొట్టు పేరు ఉండాలి, ముఖ్య అతిథి ఆయనే కావాలి. సరే అన్నాం. ఫొటో కింద పిల్లలు రాసిన మాట కంటే కొట్టు పేరే పెద్దగా వచ్చింది.

నిన్న సాయంత్రం ప్రారంభానికి ఆయన ఆటోలో రెండు గంపల బంతిపూల దండలతో దిగాడు.

"ఇన్ని దండలెందుకండీ?" అన్నాను.

"ఫొటోలకన్నారు కదమ్మా. ఎంతమంది పోయారో సరిగ్గా చెప్పలేదు మీరు. తక్కువ పడకూడదని తెచ్చాను." గొంతు తగ్గించి, "పాపం, ఏ తుపానులో?" అన్నాడు.

ఆయన్ని అనడానికేముంది! మా వైపు ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి గోడకి కొట్టడమనేది మనిషి పోయాకే. బతికున్నవాళ్ళ మొహానికి అంత ఖర్చు ఎవరు పెడతారు? అందులోనూ తుపాను షెల్టరు. నేను అది కాదండీ అని మొదలుపెట్టేలోపు మావ అడ్డొచ్చాడు. లోకల్ చానల్ కెమెరా అప్పటికే తిరుగుతోంది మరి.

"తెచ్చిన దండలు ఎనక్కి అంపుతారేటి? అపశకునం. ఇటియ్యి, నానేస్తాను."

ఇక చూడాలి! మావ, షావుకారు పోటీలు పడి దండలు వేశారు. చూపంతా చానల్ కెమెరా మీదే, గోడమీద ఏముందో చూస్తే ఒట్టు. ఆర్చి వెనకభాగానికి దండ. ఫోనులో ఆగిపోయిన నాన్నకి దండ, బొట్టు. తాళం వేసిన మరుగుదొడ్డికి దండ, బొట్టు, అగరొత్తులు, కొబ్బరికాయ. దొడ్డికి కొబ్బరికాయ కొట్టిన చరిత్ర మా జిల్లాలో ఇంకెక్కడా ఉండదు. నగరం సార్ కూడా వచ్చాడు. "వాహ్, ఎంత గొప్ప సంప్రదాయం!" అంటూ మోకాళ్ళమీద కూర్చుని వాటిని ఫొటోలు తీసుకున్నాడు. ఆ వరసలోనే చెప్పుల ఫొటోకీ మావ చేతులమీదుగా దండ పడింది.

అప్పుడొచ్చింది మా నాయనమ్మ. గోడమీద తన మొహం, మొహానికి దండ.

"ఓరి మీ జిమ్మడ! నన్నెప్పుడు సంపీసినార్రా? నాకు సెప్పనేదేటి?"

పిల్లలు నవ్వలేక చచ్చారు. మావ "సాల్లేయే ముసిల్దానా, పువ్వులే కదా" అని కసిరాడు. ఆ నవ్వుల్లో నాలుగో తరగతి వాడు హుషారెక్కి ఒక్కో ఫొటో కింద రాసింది గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పాఠం అప్పజెప్పినట్టు చదువుకుంటూ పోయి, "మా అమ్మ చెప్పులు చేతికి వేసుకుంటుంది" దగ్గరికి వచ్చాడు. వెనకనుంచి ఒక ఆడమనిషి కిసుక్కుమంది. మావ తాను వేసిన దండని తనే పక్కకి జరిపి చూశాడు. తన బొజ్జ. తన కిర్రు చెప్పులు.

"ఎవుల్దే ఇది? ఎవులు తీసినారు?"

"నానే," అంది పిల్ల.

"సిగ్గునేదేటే? పెద్దోళ్ళని ఈదికెక్కిస్తావా?"

"మీరే అరుగెక్కి కూకున్నారు. నాను ఎక్కించనేదు."

షెల్టరు అదిరేలా అరిచాడు. పొద్దున్నకి ఆ ఫొటో దిగాలి, అసలు అన్నీ దిగాలి, దాని తల్లి అరుగు ముందుకొచ్చి తప్పయిందని చెప్పుకోవాలి. పిన్ని గోడకి అతుక్కుపోయింది. ఆశ చూపించమన్న సార్ ఏం చేశాడనుకున్నారు? నన్ను పక్కకి పిలిచి, "సెన్సిటివ్ విషయం అమ్మా. ఆ ఒక్కటీ తీసేసి నేను తీసిన పడవల ఫొటో పెట్టేద్దాం, దాంట్లో రంగులు కూడా బాగుంటాయి" అన్నాడు. అని, చీకటి పడకుండానే కారెక్కేశాడు. పిల్ల తన కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను దాన్ని తిరిగి ఇవ్వలేదు, దాచనూ లేదు. ఇంట్లో బల్లమీదే ఉంచాను.

పొద్దున్నే పెద్దలంతా షెల్టరుకి వచ్చారు. మేమూ వెళ్ళాం. పిల్ల చెప్పుల ఫొటో కింద చేతులు కట్టుకుని నిలబడింది. నాయనమ్మ గుమ్మంలో అడ్డపొగ తాగుతూ కూర్చుని ఉంది.

"ఒరే, స్టూలెక్కి దించీరా," అన్నాడు మావ తమ్ముడితో.

తమ్ముడు స్టూలు మీద కాలు పెట్టాడో లేదో నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"దించీ నాయినా, దించీ. దండేసిన పటం దించినోడు ఏడు తిరక్కుండా ఆ మేకుకే ఏలాడతాడు. మీ తాతల కాణ్ణించీ ఉన్నదే కదా, నాను కొత్తగా సెప్పీదేటుంది."

తమ్ముడి కాలు కిందికి దిగింది.

అలాంటి మాట నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. కానీ ఆ పెద్దలున్నారే, పాతకాలపు కట్టుబాటు ఒకటి తమకి తెలీదని ఒప్పుకుంటే పెద్దరికం ఎక్కడికి పోతుంది? ఒకడు "అవునవును, మా అయ్య సెప్పీవోడు" అన్నాడు. ఇంకొకడు "మా మేనత్త అలాగే పోనాది" అన్నాడు. ఆయన మేనత్త పాము కరిచి పోయిందని ఊరందరికీ తెలుసు.

"నువ్వెక్కన్నా," అన్నాడు తమ్ముడు. "దండేసింది నువ్వే కదా."

"నా బోటు ఇయ్యాలే ఏటకెల్తాదిరా!"

"నా బోటు మాత్రం ఏటి, ఒడ్డున ఉంటాదా?"

షావుకారుకి ఫోన్ చేసి మనిషిని పంపమన్నారు. స్పీకర్లో ఆయన గొంతు ఊరందరికీ వినిపించింది: "అమ్మమ్మో, అది నా చేత్తో దండేసిన గోడండీ. ముందున్నవి పెళ్ళిళ్ళ రోజులు. నేను మనిషిని పంపితే నేను దించినట్టే కదా!" ఆఖరికి మావ నావైపు తిరిగాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"సదూకున్నదానివి కదే కోడలా. నీకిలాటి నమ్మకాలు ఉండవు. నువ్వు దించీ."

"నాకు నమ్మకాలు నేవు మావా. దించాలని కూడా నేదు."

ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు వినిపించింది. ఈసారి కిసుక్కు కాదు, బాహాటంగానే. మావ స్టూలు వైపు చూశాడు, మేకు వైపు చూశాడు, తన బొజ్జ ఫొటో వైపు చూశాడు. "పిల్లకాయల ముచ్చట. ఒగ్గీండి," అన్నాడు. తనే దయతలచినట్టు! పిన్ని తప్పు ఒప్పుకోవడం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగి పోయారు. పది మంది మగాళ్ళు, నడిసముద్రంలో గాలివానకి భయపడమని చెప్పుకునేవాళ్ళు, ఒక మేకుకి భయపడ్డారు.

"నిజంగా అలాగంటారా నాయనమ్మా?" అని అడిగాను.

"అంటారు. ఈ పొద్దుట్నించీ అంటన్నారు," అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

పిన్ని ఇందాక చేపల తట్టతో ఒడ్డునుంచి వచ్చింది. అరుగు ముందు చెప్పులు విప్పి చేత్తోనే పట్టుకుంది. మారిపోయిందని రాయాలని నాకూ ఉంది గానీ మారలేదు. తల మాత్రం దించుకోలేదు. కుర్చీల వైపు, ఒక్కొక్క కుర్చీ వైపూ చూసుకుంటూ నడిచింది. పిల్ల మా ఇంటికొచ్చి, బల్లమీద కెమెరా తీసుకుని, "బేటరీ ఉన్నాదా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో నేను అడగలేదు.

ఫోను లేచింది. ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

నెల్లిమర్లలో హాస్టల్ స్నేహితురాలు. జూటు మిల్లు క్వార్టర్సు పిల్లలతో ఇలాగే మొదలుపెడతానంది, ముందు దండల సంగతి చెప్పాలి.

పాతపట్నంలో మా లెక్చరర్ మేడం. "ఏడవకు, పొద్దున్నదాకా ఆగు" అని నిన్న ఫోనులో చెప్పింది ఆవిడొక్కతే.

మావ కూతురు, అత్తవారింట్లో ఉంది. తన తండ్రి బొజ్జ ఫొటో పంపమని నిన్నే మెసేజ్ పెట్టింది.

లోకల్ చానల్ అబ్బాయి. దొడ్డికి కొబ్బరికాయ కొట్టిన వీడియో చెరపొద్దని చెప్పాలి.

నగరం సార్. చెయ్యాలి కాబట్టి. అందరికంటే ఆఖర్న.

నాన్న, వీరావల్. బోటు ఒడ్డుకొచ్చిందో లేదో. ఎత్తేదాకా చేస్తాను.